వడ్డీ లెక్కలు – ఆరో పాఠం: అప్పు ఎన్ని క్వింటాళ్లు?

ఐదో పాఠం చివర ఇచ్చిన లెక్క చాలామందిని బోల్తా కొట్టించింది. అందువల్ల రెపో రేటు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే రేటు) సంగతి ఈ పాఠంలో సగం దాకా ఆగక తప్పదు.

లెక్క గుర్తుంది కదా. ఏడాదికి లక్షా ఇరవై వేల అప్పు కావాలి. ఊళ్లో ప్రామిసరీ నోటు మీద ఇచ్చే ఆసామి నూటికి రెండు రూపాయల మిత్తి అంటున్నాడు. అసలు, మిత్తి కలిపి ఏడాది చివర ఒకేసారి కట్టాలి. హనుమకొండలోని ఒక ఫైనాన్సు కంపెనీ 12 శాతం అంటోంది. అక్కడ నెలకొక కిస్తీ చొప్పున పన్నెండు కిస్తీలు, ఒక్కొక్కటి 11,200. ఏది చవక?

వచ్చిన సమాధానాల్లో ఎక్కువ భాగం ఒకే దారిలో నడిచాయి. నెలకు రెండంటే ఏడాదికి 24, పన్నెండు అందులో సగం, కాబట్టి కంపెనీ అప్పు సగానికి సగం చవక. నర్సంపేట నుంచి ఒకరు కాస్త కోపంగానే రాశారు. ఊళ్లో కట్టే మిత్తి 28,800, కంపెనీకి కట్టేది 14,400, రూపాయలు కళ్లెదుటే కనిపిస్తుంటే ఇంకా లెక్కెందుకని.

రూపాయలు కనిపిస్తున్నాయి, నిజమే. ఆ రూపాయలు మీ దగ్గర ఎన్ని నెలలు ఉన్నాయన్నదే కనిపించడం లేదు. ఊరి ఆసామి ఇచ్చిన లక్షా ఇరవై వేలు పన్నెండు నెలలూ మీ చేతిలోనే ఉన్నాయి. కంపెనీ డబ్బు అలా ఉండదు. మొదటి నెల లక్షా ఇరవై, కిస్తీ కట్టగానే రెండో నెల లక్షా పది, మూడో నెల లక్ష, ఆ తర్వాత తొంభై, ఎనభై... పన్నెండో నెలకు మీ దగ్గర మిగిలిన కంపెనీ సొమ్ము పదివేలు. ఈ పన్నెండు అంకెలనూ కూడి పన్నెండుతో భాగించండి. 65,000 వస్తుంది. అంటే ఏడాది పొడవునా సగటున మీరు వాడుకున్నది 65,000 మాత్రమే, దానికి కట్టిన వడ్డీ 14,400. నూటికి ఎంత? 22కు పైగా. ఇది చేతి లెక్క. కంప్యూటర్‌లో నికరంగా లెక్కగడితే 21.5 దగ్గర ఆగుతుంది. 24కూ 21.5కూ ఉన్న తేడా కొంచెమే, సగం ఎక్కడా లేదు.

దీన్ని ఫ్లాట్ రేటు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. తీర్చేసిన అసలు మీద కూడా చివరి నెల దాకా వడ్డీ వేస్తూ, దానికి 12 శాతం అని బోర్డు పెట్టడం మర్యాదగల పని కాదు. నాకొక అడ్డదారి ఉంది: ఒకటి నుంచి మూడేళ్ల లోపు నెలసరి కిస్తీల అప్పయితే ఫ్లాట్ రేటును 1.8తో గుణిస్తాను. 12 అయితే 21.6. ఏడాది అప్పుకు నికర లెక్క 21.5, రెండేళ్లకు 21.6, మూడేళ్లకు 21.2. షాపులో నిలబడి వేసుకోవడానికి ఇంతకన్నా కచ్చితత్వం అక్కర్లేదు. రేటు మరీ ఎక్కువైనా, గడువు అయిదేళ్లకు పోయినా ఈ అడ్డదారి పనిచేయదు.

కథ ఇక్కడితో అయిపోలేదు. ఆ కంపెనీ ఫైలు ఖర్చులని, బీమా అని మొదట్లోనే 3,000 కోసుకుందనుకోండి. మీ చేతికొచ్చింది 1,17,000, కిస్తీ మాత్రం అదే 11,200. ఇప్పుడు నికర రేటు 26.4 శాతం. ఊరి ఆసామి దగ్గర తెచ్చుకుంటేనే చవక! మూడువేలు అంత పని చేస్తాయా అని నమ్మనివారు, చేతికొచ్చిన సొమ్ముతో సగటు మళ్లీ వేసి చూడండి.

గిరిగిరి అప్పు చూద్దాం. పదివేల అప్పులో వెయ్యి ముందే పట్టుకుని 9,000 ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. కూరగాయల బండి నడిపేవారిని అడిగితే పది శాతం అంటారు. సగటున వాళ్ల దగ్గరున్నది 4,500. దానికి వంద రోజుల్లో వెయ్యి కట్టారు, అంటే వంద రోజులకు 22 శాతం. ఏడాదికి 80కి దగ్గర.

సున్నా వడ్డీకి ఫ్రిజ్ అన్న ప్రకటన సంగతి కూడా తేల్చుకుందాం. ధర 24,000, ఆరు కిస్తీలు, మొదటి 4,000 అక్కడే కట్టాలి, ఫైలు ఖర్చు 600. నగదు ఇస్తే షాపువాడు వెయ్యి తగ్గిస్తాడు. మీ అసలు అప్పు 20,000, అయిదు నెలల సగటు 12,000. ఖర్చు ఆరువందలు, వదులుకున్న వెయ్యి కలిపి 1,600. ఏడాది లెక్కకు తెస్తే 32 శాతం. సున్నా అంటే ఇదీ.

2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు ఇచ్చే కొత్త రిటైల్ రుణాలకు, చిన్న పరిశ్రమల టర్మ్ రుణాలకు కీలక వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఖర్చులన్నీ కలిపిన వార్షిక రేటు అందులో ఏపీఆర్ పేరుతో ఉంటుంది. సంతకానికి ముందు ఆ ఒక్క అంకె చూస్తే చాలు. ఊరి ప్రామిసరీ నోటుకు, గిరిగిరికి అలాంటి పత్రం ఉండదు కాబట్టి చేతి లెక్క రావాలి.

ఇంకో మెలిక ఉంది, సరైన జవాబు రాసినవారు కూడా దీన్ని వదిలేశారు. రెండు అప్పుల రేటూ దాదాపు ఒకటే అయినప్పుడు ఏది తీసుకోవాలి? భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగికి ప్రతి నెలా జీతం వస్తుంది, ఆయనకు కిస్తీ అప్పే నయం. పరకాల పత్తి రైతు జూన్‌లో అదే అప్పు తీసుకుంటే జూలై నుంచి కిస్తీలు మొదలవుతాయి. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డుకు పత్తి చేరి డబ్బు కళ్లజూసేది నవంబరు దాటాకే. ఈలోగా అయిదు కిస్తీలు, 56,000. అవి ఎక్కడినుంచి వస్తాయి? మళ్లీ రెండు రూపాయల మిత్తికే వస్తాయి. రేటు ఎంత తక్కువైనా, ఆదాయం వచ్చే నెల, కిస్తీ కట్టే నెల కలవకపోతే ఆ అప్పు ఇంకో అప్పును కంటుంది.

ఇక రెపో. అది ఏమిటో నాలుగో పాఠంలో ఉంది. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే, రేటు మారే గృహరుణాలను రెపో వంటి బయటి రేటుకు ముడిపెట్టాల్సి వచ్చింది. దీని అర్థం 2022లో తెలిసొచ్చింది. మేలో 4 శాతం దగ్గరున్న రెపోను పెంచుకుంటూ పోయి, 2023 ఫిబ్రవరికి 6.50కి చేర్చారు.

కాజీపేటలో ఒక రైల్వే ఉద్యోగి 2022 మార్చిలో 30 లక్షల గృహరుణం తీసుకున్నాడనుకుందాం. ఇరవై ఏళ్లు, 6.75 శాతం, కిస్తీ 22,811. ఫిబ్రవరికి రేటు 9.25 అయింది, అసలు 29.5 లక్షలు మిగిలింది. ఆ నెల వడ్డీ ఎంత? 22,740. కిస్తీలో అసలుకు జమ అయ్యేది 71 రూపాయలు! కిస్తీ మార్చకుండా గడువు మాత్రం పొడిగిస్తే అప్పు తీరడానికి అరవై రెండేళ్లకు పైగా పడుతుంది. వడ్డీ ఇంకో పావు శాతం పెరిగితే కిస్తీ మొత్తం కట్టినా అసలు పెరుగుతూ పోతుంది. గడువు పొడిగింపు అంతదాకా పోకూడదని, కిస్తీ పెంచుకోవాలో గడువు పెంచుకోవాలో రుణగ్రహీతనే అడగాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మీ బ్యాంకు నుంచి గడువు మారిందన్న సందేశం వచ్చి ఉంటే వెళ్లి అడగండి. నేనైతే గడువు కదలనివ్వను, కిస్తీయే పెంచమంటాను.

వడ్డీ అంత ఎందుకు పెంచారు? చిల్లర ధరల ద్రవ్యోల్బణాన్ని, అంటే ఏడాదిలో ధరలు పెరిగే వేగాన్ని, 4 శాతం దగ్గర, అటూ ఇటూ రెండు శాతం లోపల ఉంచడం రిజర్వు బ్యాంకు బాధ్యత. 2022 ఏప్రిల్‌లో అది 7.79. (ద్రవ్యోల్బణం తగ్గడమంటే ధరలు తగ్గడం కాదని మూడో పాఠంలోనే తేల్చుకున్నాం, మళ్లీ అడగొద్దు.) కాజీపేట ఉద్యోగి అప్పు 6.75కు, ధరలు 7.79 చొప్పున పెరుగుతున్నాయి, ఆయన కరువు భత్యం ధరల వెంట పెరుగుతోంది. అంటే అప్పు బరువు నిజానికి తగ్గుతోంది. 2025 అక్టోబరుకు రండి. రెపో 5.50కి దిగింది, అదే అప్పు రేటు 8.25 అనుకుందాం. ద్రవ్యోల్బణం 0.25. ఇప్పుడు ఆయన మోసే నిజమైన వడ్డీ, అంటే రేటులోంచి ద్రవ్యోల్బణం తీసేస్తే మిగిలేది, 8 శాతం. పైకి కనిపించే రేటు పెరిగింది ఒకటిన్నర శాతమే. నిజమైన రేటు సున్నా కిందనుంచి ఎనిమిదికి ఎగబాకింది.

ద్రవ్యోల్బణం అప్పున్నవాడికి మేలు చేస్తుందన్న మాట పుస్తకాల్లో చదివి, పాఠకులు రైతుకు కూడా అంటగట్టేస్తున్నారు. ఆ మేలు అందాలంటే అప్పున్నవాడి ఆదాయం కూడా పెరగాలి. రైతుకు దేశం ద్రవ్యోల్బణం కాదు లెక్క, ఆయన పంట ధర లెక్క. అందుకే అప్పును క్వింటాళ్లలో రాయమంటాను.

2022 మొదట్లో ఎనుమాములలో పత్తి క్వింటాలు పదివేలు దాటింది. అప్పుడు తెచ్చిన లక్షా ఇరవై వేలు 12 క్వింటాళ్ల అప్పు. ఎకరానికి ఎనిమిది క్వింటాళ్లు పండితే ఎకరంన్నర. ఆ ధర చూసి కౌలుకు ఇంకో నాలుగెకరాలు పట్టినవారు లేకపోలేదు. 2023–24లో పొడవు పింజ పత్తి మద్దతు ధర 7,020. రెండేళ్ల బారువడ్డీ కలిపితే అప్పు 1,77,600. క్వింటాళ్లలో 25. పన్నెండు తెచ్చి ఇరవై అయిదు ఇవ్వాలి, ఎకరంన్నర కాస్తా మూడెకరాలు దాటింది. కాగితం మీద మిత్తి 24 శాతమే, ఎవరూ మోసం చేయలేదు. ఎరువులు, డీజిలు, కూలి మాత్రం పత్తితోపాటు దిగిరాలేదు.

ఇప్పుడు యార్డు వైపు చూడండి. మిత్తి రోజురోజుకూ పెరుగుతుంటే ధర వచ్చేదాకా ఆగే ఓపిక ఎవరికి ఉంటుంది? అందరూ అవే వారాల్లో తెస్తారు, రాశులు పెరుగుతాయి, ధర ఇంకా దిగుతుంది, క్వింటాళ్లలో అప్పు ఇంకా పెరుగుతుంది. దేశాలకు దేశాలే ఇలా మునుగుతాయని అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1933లో, మహామాంద్యం నడుమ వివరించాడు. అందరూ ఒకేసారి అప్పులు తీర్చడానికి అమ్ముకుంటే ధరలు పడిపోతాయి, తీర్చినదానికన్నా మిగిలిన అప్పు బరువెక్కుతుంది.

మెక్సికోది ఇంకా దగ్గరి పోలిక. 1970ల్లో చమురు ధర చూసుకుని, మారే వడ్డీకి డాలర్లలో అప్పులు చేసింది. అమెరికాలో ద్రవ్యోల్బణాన్ని అణచడానికి పాల్ వోల్కర్ నాయకత్వంలో అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు వడ్డీని 20 శాతం దరిదాపులకు తీసుకుపోయింది. అదే సమయంలో చమురు ధర దిగడం మొదలైంది. 1982 ఆగస్టులో మెక్సికో ఇక కట్టలేమని చెప్పింది, లాటిన్ అమెరికాలోని చాలా దేశాలు ఆ వెంటే నడిచాయి. కాజీపేట ఉద్యోగికి వడ్డీ ఒకటే పెరిగింది, పరకాల రైతుకు పంట ధర ఒకటే పడింది. మెక్సికోకు రెండూ ఒకేసారి తగిలాయి. అప్పిచ్చిన పెద్దపెద్ద అమెరికా బ్యాంకులు కూడా ఊగిపోయాయి, ఎందుకంటే వాటి మూలధనాన్ని మించిన సొమ్ము అవే కొన్ని దేశాల చేతుల్లో ఉంది.

అభ్యాసం. ఇంట్లో ఉన్న అప్పులన్నీ ఒక కాగితం మీద రాయండి: బ్యాంకు పంటరుణం, బంగారం మీద తెచ్చింది, సంఘం అప్పు, ప్రామిసరీ నోట్లు, షాపు కిస్తీలు, చేబదుళ్లు. ప్రతిదానికి చేతికొచ్చిన సొమ్ము, వచ్చిన తేదీ, కట్టిన ప్రతి మొత్తం, తేదీ. నోటు వెనక వేయించిన చెల్లులు కూడా చూడండి. ఒక్కోదానికి నెలనెలా మిగిలిన అసలు రాసి, సగటు తీసి, నికర రేటు తేల్చండి. తర్వాత మొత్తం అప్పును మీ పంట క్వింటాళ్లలోకి మార్చండి, జీతగాళ్లయితే నెల జీతాల్లోకి. పంట ధర నిరుటి ధర ఒకసారి, అందులో నాలుగో వంతు తగ్గించి ఒకసారి, మద్దతు ధరకు ఒకసారి. చివరగా జూన్ నుంచి మే దాకా పన్నెండు గళ్లు గీసి, పై వరుసలో వచ్చే డబ్బు, కింది వరుసలో కట్టాల్సింది. కింది అంకె పెద్దదైన గళ్లకు ఎర్ర సిరా. రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చేయండి, ఒకరికి తెలిసిన అప్పు ఇంకొకరికి తెలియకపోవడం మామూలే.

ఏడో పాఠం చిట్టీ పాట మీద. ఏ నెల పాట ఎంతకు పోయిందో, మీ వంతుకు తగ్గింపు ఎంత వచ్చిందో పాసుపుస్తకం చూసి ముందే వరుసగా రాసి పెట్టుకోండి. పాట పాడి సొమ్ము తీసుకున్న నెలను గీత గీసి విడిగా చూపండి, లెక్క అక్కడినుంచే రెండుగా చీలుతుంది.