గోరుచుట్టు తగ్గి మళ్లీ వస్తోందా? ముందు గోటి మొదట్లో పొర ఉందో లేదో చూడండి

గుంటూరు కొత్తపేటలో ఒక చర్మవ్యాధుల క్లినిక్‌లో డ్రెస్సింగులు చేస్తుంటాను. వేలికి నిమ్మకాయ తొడుక్కుని వచ్చేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది. వాచిన తోలు మీద పులుపు పెడితే మండుతుంది తప్ప వాపు తీయదు. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే. దాని మీద పసుపు కూడా మెత్తి వస్తే ఎరుపు ఎంతవరకు పాకిందో మాకు కనిపించి చావదు.

మొదట తేల్చుకోవాల్సింది, ఇది మొదలై ఎన్నాళ్లయిందని.

రెండు మూడు రోజులే అయి, ఒక్క వేలే ఎర్రగా వాచి సలుపుతుంటే అది మామూలు గోరుచుట్టు. గోళ్లు కొరికినా, పక్కన లేచిన తోలు పీకినా ఆ సందులోంచి బ్యాక్టీరియా దిగుతుంది. రోజుకు మూడు నాలుగు సార్లు, పది పదిహేను నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో వేలు ఉంచి, తీశాక బాగా తుడవండి. చీము పడితే పిన్నీసుతో పొడవకండి, డాక్టరు తీస్తారు. షుగరున్నా, జ్వరం వచ్చినా, ఎరుపు పైకి పాకుతున్నా ఆ రోజే వెళ్లండి.

ఆరు వారాలు దాటినా తగ్గుతూ మళ్లీ వాస్తూ, రెండు మూడు వేళ్లకు ఉండి, గోటి మీద అడ్డంగా గాడులు పడుతుంటే సంగతి వేరు. నేను దెబ్బతిన్నది ఇక్కడే.

గోరు మొదట్లో, చర్మం మడతకీ గోటికీ మధ్య సన్నటి పొర అతుక్కుని ఉంటుంది. దాన్నే క్యూటికల్ అంటారు. కిటికీ అద్దానికి పెట్టిన లప్పం లాంటిది, నీళ్లు లోపలికి పోకుండా ఆపుతుంది. రోజంతా చేతులు నానితే అది ఊడిపోతుంది. పార్లర్లో నీటుగా ఉంటుందని దాన్ని వెనక్కి నెట్టి కత్తిరించినా అంతే. ఇక మడత కింద జేబులా తెరుచుకుని సబ్బు నీళ్లు, పిండి, కారం అన్నీ అందులో చేరతాయి. గోరు పుట్టేది ఆ మడత కిందే కాబట్టి, అక్కడ వాపుంటే వచ్చే గోరు గాడులతోనే వస్తుంది. అందులో ఫంగస్ కూడా దొరుకుతుంది. కానీ అది అద్దెకు దిగినదే, ఇల్లు కట్టింది తడి.

టిఫిన్ సెంటర్ నడిపే ఒకావిడ మూడు సార్లు యాంటీబయాటిక్ కోర్సు వాడి నా దగ్గరికొచ్చింది. తడి తగలనివ్వొద్దని నేనూ చెప్పి పంపాను. నెల తర్వాత అదే వాపు. "గ్లౌజులు వేసుకునే తోముతున్నాను కదా సిస్టర్" అంది. తీసి చూపించమంటే రబ్బరు గ్లౌజుల్లోంచి చెమట కారింది. మే నెలలో, పొయ్యి పక్కన! చేయి గిన్నెల నీళ్లలో బదులు చెమటలో నానుతోంది, అంతే తేడా. మిర్చికి తొడిమలు తీసే ఆడవాళ్లలోనూ ఇదే చూశాను, కారం మంట అదనం.

చేయాల్సింది: లోపల నూలు గ్లౌజులు, పైన రబ్బరువి. లోపలివి తడిస్తే వెంటనే మార్చాలి. పని కాగానే చేతులు ఆరబెట్టి వ్యాజలీన్ రాయాలి. వాపు తగ్గడానికి డాక్టరు ఎక్కువగా స్టెరాయిడ్ క్రీమే కొన్నాళ్లపాటు వాడమని రాస్తారు. మందుల షాపులో అడిగి మీరే కొనుక్కోకండి. పొర తిరిగి అతుక్కోవడానికి నెలలు పడుతుంది. వాపు తగ్గిందని పదో రోజుకే గ్లౌజులు పక్కన పడేసినవాళ్లందరూ మళ్లీ వచ్చారు.

అరుదైనవి: గుత్తిగా నీటి పొక్కులు లేస్తే అది వైరస్, కోయకూడదు. ఒకే గోటికి నల్లటి గీత పడి వెడల్పవుతున్నా, ఒక్క వేలే నెలల తరబడి మానకపోయినా డాక్టరుకు చూపించండి.

పడిన గాడులకు ఏ మందూ లేదు. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. అవి చివరికి జరిగి కత్తిరించేసరికి దాదాపు ఆరు నెలలు పడుతుంది.