ఫ్రీగా వచ్చిన ఆటగాళ్లు: ఒక క్లబ్ చిట్టా విప్పడం ఎలా?

విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియం గేటు దగ్గరైనా నలుగురు ఫుట్‌బాల్ అభిమానులు కలిస్తే ఈ వాదన రావచ్చు: పాత క్లబ్‌కు బదిలీ ఫీజు కట్టకుండా ఆటగాళ్లను పట్టడంలో ఇటలీ క్లబ్ యువెంటస్‌ను మించింది ఉందా? ఒకరు అక్కడ మెరిసిన పిర్లో పేరు చెబుతారు, ఇంకొకరు విఫలమైన రామ్సీ పేరు చెబుతారు. రెండు పేర్లతో ఏదీ తేలదు. తేలాలంటే కనీసం పదేళ్ల చిట్టా కాగితం మీద పెట్టాలి.

ముందు ఎవరిని రాయాలో ఖాయం చేసుకోండి. 1995 డిసెంబరు 15న యూరోపియన్ కోర్టు నుంచి బోస్మన్ తీర్పు వచ్చాక, ఒప్పందం ముగిసిన ఆటగాడు యూరోపియన్ యూనియన్‌లో మరో క్లబ్‌కు ఫీజు లేకుండా వెళ్లవచ్చు. ఒప్పందం చివరి 6 నెలల్లోనే కొత్త విదేశీ క్లబ్‌తో సంతకం కూడా చేయవచ్చు. ఇలా వచ్చినవాళ్లే మన లెక్క. అప్పుగా వచ్చినవాళ్లను, సొంత అకాడమీ కుర్రాళ్లను కలపకండి. చాలా జాబితాలు అక్కడే చెడిపోతాయి. 2012లో పోగ్బా వంటి కుర్రాడి కోసం పాత క్లబ్‌కు శిక్షణ పరిహారం కింద కొంత ముట్టినా అతన్ని ఫ్రీ కిందే రాయండి.

లాంగ్ నోటు పుస్తకంలో అడ్డంగా గళ్లు గీయండి: పేరు, వచ్చినప్పటి వయసు, ఒప్పందం ఎన్నేళ్లు, జీతం, సీజన్‌వారీగా ఆడిన నిమిషాలు, ఎలా వెళ్లాడు. నిమిషాల కోసం రాత్రి 1:15 మ్యాచ్‌కు మేల్కొని కూర్చోనక్కర్లేదు, గణాంకాల సైట్లలో అన్నీ ఉంటాయి. ఇటలీ లీగ్ సిరీ ఆలో 38 మ్యాచ్‌లు, అంటే 3,420 నిమిషాలు. వరసగా రెండు సీజన్లు అందులో సగం, అంటే 1,710 దాటనివాడి పేరు కింద ఎర్ర గీత పెట్టండి.

జీతం గడి దగ్గర జాగ్రత్త. గొడ్డు ఊరికే దొరికినా గడ్డి ఊరికే రాదు. ఇటలీ పత్రికలు సాధారణంగా పన్ను పోగా ఏడాదికి చేతికొచ్చేది రాస్తాయి, ఇంగ్లండ్ పత్రికలు పన్ను కోయకముందు వారం జీతం రాస్తాయి. రెండూ ఒకే గడిలో పడితే లెక్క సగానికి సగం తప్పుతుంది. సంతకం బోనస్, ఏజెంటు కమీషన్ బయటికి వస్తే కలపండి, రాకపోతే ఖాళీగా వదిలేయండి. ఊహించి నింపొద్దు.

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది చివరి గడి. యువెంటస్‌నే చూడండి. పిర్లో 2011లో 32 ఏళ్లకు వచ్చాడు, నాలుగు సీజన్లలో నాలుగు లీగ్ టైటిళ్లు. పోగ్బాను 2016లో 105 మిలియన్ యూరోలకు అమ్మారు. ఎమ్రే చాన్ 24 ఏళ్లకు వచ్చి, 2020లో డార్ట్‌మండ్‌కు ఫీజు మీదే వెళ్లాడు. ఇక రెండో వైపు: 28 ఏళ్ల రామ్సీకి 2019లో నాలుగేళ్ల ఒప్పందం ఇచ్చి, 2022లో మధ్యలోనే తెంచుకున్నారు. పోగ్బా 2022లో మళ్లీ ఫ్రీగానే వచ్చాడు; మోకాలి గాయం, తర్వాత డోపింగ్ నిషేధం, 2024లో ఒప్పందం రద్దు. ఖెదీరా సంగతి ఇంకా గమనించదగ్గది. 2015 నాటి మొదటి ఒప్పందం బాగా పనిచేసింది. దెబ్బతీసింది 2018లో 31 ఏళ్లవాడికి 2021 దాకా చేసిన పొడిగింపు. అందుకే పొడిగింపుకు వేరే వరస రాయండి, లేకపోతే మంచి కొనుగోలూ చెడ్డ నిర్ణయమూ ఒకే గడిలో కలిసిపోతాయి.

చివరిగా, ఆ క్లబ్ అదే వేసవిలో ఫీజు కట్టి కొన్నవాళ్లను పక్కన పెట్టండి. ఇది లేకుండా ఫ్రీ అనే మాటకు విలువ కట్టలేం. 2019లో రాబియో ఫ్రీగా వచ్చాడు, డి లిగ్ట్‌కు 75 మిలియన్ యూరోలు కట్టారు. 2022లో డి లిగ్ట్‌ను బయర్న్‌కు 67 మిలియన్లకు, పైన బోనస్‌లకు అమ్మారు. రాబియో ఐదేళ్లు బాగా ఆడి 2024లో పైసా ఫీజు రాకుండా వెళ్లాడు. ఈ ఇద్దరి జీతాలు, నిమిషాలు ఎదురెదురుగా రాసి, అప్పుడు ఏది చవకో తేల్చండి.