సీబీపీ కాగితం చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: మూలుగలో ఏం జరుగుతోంది?

సీబీపీ అంటే రక్తంలోని కణాల లెక్క చెప్పే పరీక్ష. ముందు పోయిన పాఠంలో ఇచ్చిన ప్రశ్నకి జవాబు. గొట్టంలోని రక్తాన్ని గిర్రున తిప్పితే ఏం కనిపిస్తుంది అని అడిగాను కదా. ఊదారంగు మూత ఉన్న గొట్టంలో రక్తాన్ని మిషన్‌లో వేసి గిర్రున తిప్పితే మూడు పొరలు కనిపిస్తాయి. పైన లేత పసుపు రంగు ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవ భాగం, సుమారు 55 శాతం. అడుగున ఎర్ర కణాలు, సుమారు 45 శాతం. మధ్యలో మీగడ తరకలాంటి పలచని తెల్ల పొర ఉంటుంది చూశారా, తెల్ల కణాలూ ప్లేట్‌లెట్లూ అక్కడే ఉంటాయి. అడుగున ఉన్న ఎర్ర పొర శాతమే మీ కాగితం మీద కనిపించే పీసీవీ. ఈ అంకెతో ఇవాళ మనకు పని ఉంది.

గుంటూరు కొత్తపేటలో నేను ల్యాబ్‌లో పనిచేసిన రోజుల్లో సూది తీయగానే చాలామంది అడిగే మాట ఒకటే: "అంత రక్తం తీసేశారేంటండీ, మళ్లీ ఎప్పటికి పడుతుంది?" తీసేది 2 మిల్లీలీటర్లు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండేది సుమారు 5 లీటర్లు. ఆ 2 మిల్లీలీటర్లలో దాదాపు వెయ్యి కోట్ల ఎర్ర కణాలు ఉంటాయన్నది నిజమే. కానీ మన ఒళ్లు సెకనుకు 20 లక్షలకు పైగానే ఎర్ర కణాలు తయారు చేస్తుంది. లెక్క వేసుకోండి: గంటన్నర లోపే. గుంటూరులో బస్సెక్కినవాళ్లు, దారిలో ట్రాఫిక్ కాస్త ఎక్కువైతే, బెజవాడ బస్టాండులో దిగేలోపు అన్ని కణాలూ పుట్టేస్తాయి.

పుట్టేది ఎక్కడ? మూలుగలో. మాంసం కూరలో పిల్లలు పోటీపడి పీల్చే ఆ మూలుగే. కడుపులో ఉన్న బిడ్డకు చాలా నెలలపాటు కాలేయమే ఈ పని చేస్తుంది. పుట్టాక ఎముకలన్నీ అందుకుంటాయి. పెద్దయ్యేకొద్దీ కాళ్లూ చేతుల్లోని పొడుగాటి ఎముకల నడిమి భాగం కొవ్వుతో నిండి పసుపు రంగుకు తిరుగుతుంది. ఎర్ర మూలుగ ముఖ్యంగా తుంటి ఎముక, రొమ్ము ఎముక, పక్కటెముకలు, వెన్నుపూసల్లో మిగులుతుంది. మూలుగ పరీక్ష అన్నప్పుడు డాక్టర్లు తుంటి దగ్గర సూది గుచ్చేది అందుకే.

అక్కడ మూలకణం ఉంటుంది. అది తనలాంటి కణాలనూ తయారు చేసుకుంటుంది, వృత్తి నేర్చుకునే పిల్లకణాలనూ ఇస్తుంది. ఎర్ర కణం కావాల్సిన పిల్లకు కబురు వచ్చేది కిడ్నీ నుంచి. రక్తంలో ఆక్సిజన్ తగ్గిందని తెలియగానే కిడ్నీ ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను పంపుతుంది. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు హెచ్‌బీ, అంటే ఎర్ర కణాల్లో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్, పడిపోవడానికి ముఖ్య కారణం ఇదే. కార్ఖానా ఉంది, ఆర్డరే సరిగా రావడం లేదు. పిల్లకణం విభజన చెందుతూ, హిమోగ్లోబిన్ నింపుకుంటూ, చివరికి తన కేంద్రకాన్ని బయటికి నెట్టేసి రక్తంలోకి వస్తుంది. అక్కడి నుంచి దాదాపు 120 రోజుల బతుకు.

ఇప్పుడు అసలు నైపుణ్యం. కాగితం మీద ఎంసీవీ అని ఒక గడి ఉంటుంది. ఎర్ర కణం సగటు పరిమాణం అది. మామూలుగా 80 నుంచి 100 మధ్య ఉండాలి. దాన్ని మీరే కట్టొచ్చు: పీసీవీని 10తో గుణించి, మిలియన్లలో ఇచ్చిన ఆర్‌బీసీ (ఎర్ర కణాల) సంఖ్యతో భాగించండి. పీసీవీ 42, ఆర్‌బీసీ 4.8 అనుకుంటే 420ని 4.8తో భాగిస్తే 87.5. బాగానే ఉంది.

చాలామంది హెచ్‌బీ దగ్గరే ఆగిపోతారు. రక్తం తక్కువైందని మాత్రమే హెచ్‌బీ చెబుతుంది. పని ఎక్కడ ఆగిందో వెతకాలంటే కణం సైజు చూడాలి. ఇనుము చాలకపోతే హిమోగ్లోబిన్ నిండదు, కణం చిన్నదిగా, వెలిసిపోయినట్టు బయటికి వస్తుంది. హిమోగ్లోబిన్ తయారీ దెబ్బతినే వంశపారంపర్య జబ్బు తలసీమియాలోనూ చిన్నదే అవుతుంది కాబట్టి చిన్న కణం కనిపించిన ప్రతిచోటా ఇనుమే తక్కువ అనుకోకూడదు. బీ12 గానీ ఫోలిక్ ఆమ్లం గానీ చాలకపోతే కథ తిరగబడుతుంది. డీఎన్ఏ తయారీ కుంటుపడి కణం సమయానికి విడిపోలేదు, పెరుగుతూనే ఉంటుంది. అందుకే పెద్ద కణాలు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన బృందాన్ని అమెరికాలో నడిపించింది 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే. బీ12 ఆకుకూరల్లో దొరకదు. మాంసం, గుడ్లు ముట్టకుండా పాలూ పెరుగూ కూడా మానేసినవాళ్లు ఎంసీవీ గడిని తప్పక చూసుకోవాలి.

తెల్ల కణాల సంగతి వచ్చే పాఠానికి వదిలేద్దాం. ప్లేట్‌లెట్ల గురించి ఒక్క మాట. మూలుగలోని ఒక భారీ కణం ముక్కలు ముక్కలుగా రాలితే వచ్చేవే ఇవి. 8 నుంచి 10 రోజులు ఉంటాయి. మామూలు లెక్క లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు. డెంగీ రోజుల్లో ఒకావిడ 40 వేలు అన్న కాగితం పట్టుకుని వణికిపోతూ వచ్చింది. ఒంట్లో జ్వరమే లేదు. స్లైడు పెట్టి చూస్తే ప్లేట్‌లెట్లు గుంపులు కట్టి ఉన్నాయి. కొందరి రక్తంలో, గడ్డకట్టకుండా గొట్టంలో వేసే మందు వల్లే ఇలా అవుతుంది. మిషన్ ఆ గుంపుల్ని సరిగా లెక్కపెట్టలేదు. వేరే మందున్న గొట్టంలో మళ్లీ తీస్తే లక్షా 80 వేలు. మనిషి బాగున్నా అంకె భయపెడుతుంటే, స్లైడు చూశారా అని అడగండి.

ఇక అభ్యాసం. ఇద్దరి కాగితాలు ఇస్తున్నాను. ఒకరికి హెచ్‌బీ 9.1, ఆర్‌బీసీ 4.2, పీసీవీ 28. ఇంకొకరికి హెచ్‌బీ 9.2, ఆర్‌బీసీ 2.5, పీసీవీ 28. ఇద్దరికీ ఎంసీవీ కట్టండి. ఆ తర్వాత చెప్పండి: రక్తం తక్కువైందని పక్కింటివాళ్లు ఇద్దరికీ ఐరన్ మాత్రలే వేసుకోమన్నారు, ఎవరి విషయంలో ఆ సలహా గురి తప్పినట్టు కనిపిస్తోంది? ఎందుకు?