ముఖ్యమంత్రిగా పీవీ: భూసంస్కరణల చరిత్రను రాసే విధానం

పి.వి. నరసింహారావు గురించి వ్యాసం రాయబూనిన విద్యార్థులు చాలామంది ఆయన ప్రధాని అయిన 1991 దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. రాష్ట్ర నాయకుడిగా ఆయన చేసిన సంస్కరణలను అంచనా కట్టాలంటే మాత్రం 1971 సెప్టెంబరు 30 నుంచి 1973 జనవరి వరకు ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్న పదిహేను నెలలనే వ్యాసానికి కేంద్రంగా తీసుకోవాలి.

1921 జూన్ 28న లక్నేపల్లిలో పుట్టి, వంగరలోని భూస్వామ్య కుటుంబానికి దత్తత వెళ్లి, 1957లో మంథని నుంచి శాసనసభకు ఎన్నికైన నేపథ్యానికి ఒక్క పేరా చాలు. 1971లోనే నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకుల పాఠశాలను కూడా అక్కడే ప్రస్తావించవచ్చు.

మిగిలిన చోటంతా భూమికి కేటాయించండి. ముందుగా రెండు చట్టాలను పక్కపక్కన పెట్టి చదవండి. 1961 నాటి భూపరిమితి (సీలింగ్) చట్టం భూమి రకాన్ని బట్టి 27 నుంచి 324 ఎకరాల వరకు ఉంచుకోనిచ్చింది. అంత ఉదారమైన పరిమితి కింద పేదలకు పంచడానికి మిగిలేదేముంటుంది? 1973 సంవత్సరపు 1వ చట్టం అయిదుగురి వరకు ఉన్న కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలుగా హద్దు గీసింది. అయిదుగురికి మించిన ప్రతి సభ్యుడికీ అయిదో వంతు చొప్పున, మొత్తం రెట్టింపు దాటకుండా అదనపు భూమి ఉంచుకోవచ్చు. ఈ లెక్క రాయకుండా ‘విప్లవాత్మకం’ అనే విశేషణం వాడితే పాఠకుడికి ఏమీ తెలియదు.

తర్వాత తేదీలను వరుసగా పేర్చండి. నా దృష్టిలో అసలు కథ వాటిలోనే ఉంది. పరిమితి రాబోతోందని తెలిస్తే భూములు బంధువుల పేర్లకు, బినామీ పేర్లకు మారిపోతాయి కనుక, 1972లోనే వ్యవసాయ భూముల బదిలీని నిషేధిస్తూ మరో చట్టం తెచ్చారు. తెలంగాణ ఉద్యోగాలను స్థానికులకే కేటాయించే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వడంతో, ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరే జై ఆంధ్ర ఉద్యమం ఉధృతమై, 1973 జనవరిలో పీవీ పదవి వీడగా రాష్ట్రపతి పాలన వచ్చింది. 1973 నాటి సీలింగ్ చట్టం అమలు తేదీ 1975 జనవరి 1. అప్పటికి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు. కాబట్టి చట్టం రూపకల్పనను, అమలును ఒకరి ఖాతాలోనే వేయకండి. ఆ ఉద్యమానికి ముల్కీ తీర్పుతో పాటు భూపరిమితి భయం కూడా తోడైందన్న వాదనను వాదనగానే రాయండి. కోస్తా యువకుల ఉద్యోగ ఆందోళనను కొట్టిపారేయడం అన్యాయం.

చివరగా ఒక గ్రామాన్ని ఎంచుకోండి. సీలింగ్ మిగులు భూమి ఏ సర్వే నంబర్లలో తేలిందో తహసీల్దారు కార్యాలయంలో అడిగి, ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో నమోదు చేసే ఆనాటి పహాణీలను (ఆంధ్ర ప్రాంతంలో అడంగళ్లను) ఇప్పటి రికార్డుతో పోల్చండి. పట్టా పొందిన కుటుంబాల పెద్దలను కలిసినప్పుడు భూమి కాగితం మీద వచ్చిందా, చేతికి వచ్చిందా, నీటి వసతి ఉందా, ఇప్పుడు సాగు చేస్తున్నది ఎవరు అని విడివిడిగా అడగండి. భూమి పోగొట్టుకున్న కుటుంబాన్నీ కలవండి. తమకున్న భూమి వివరాలతో వారు భూసంస్కరణల ట్రిబ్యునల్ ముందు వేసిన డిక్లరేషన్ నకలు ఇంట్లో ఉంటే, అనుమతి తీసుకుని చదవండి.