ప్రొస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత దాంపత్యం: సమస్య, కారణం, పరిష్కారం

సమస్య: అంగస్తంభన కలగడం లేదు.

కారణం: స్తంభనకు ఆధారమైన సన్నని నరాలు ప్రొస్టేట్ గ్రంథికి రెండు పక్కలా అంటుకొని వెళ్తాయి. వాటిని కాపాడుతూ గ్రంథిని తొలగించే పద్ధతిని అమెరికా సర్జన్ పాట్రిక్ వాల్ష్ 1982లో మొదలుపెట్టారు. అయితే నరాలు తెగకుండా చూసినా, అవి సాగి, నలిగి చాలా నెలలు మొద్దుబారి ఉంటాయి. కోలుకోవడానికి 18 నుంచి 24 నెలలు కూడా పట్టవచ్చు. అందుకే మూడో నెలలోనే ఆశ వదులుకోవడం తొందరపాటు.

పరిష్కారం: యూరాలజిస్టు సలహాతో స్తంభనకు సాయపడే సిల్డెనాఫిల్ లేదా టడలాఫిల్ మాత్రలు మొదలుపెట్టవచ్చు. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవారికి ఇవి ప్రాణాపాయం, ఎందుకంటే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. మాత్ర పనిచేయలేదని చెప్పేవారు ముందుగా వేసుకున్న వేళను గుర్తుచేసుకోవాలి: రాత్రి కడుపునిండా బిర్యానీ తిని సిల్డెనాఫిల్ వేసుకుంటే, ఆ కొవ్వు వల్ల మందు ఆలస్యంగా, తక్కువగా పనిచేస్తుంది. ఖాళీ కడుపుతో గంట ముందు వేసుకోవాలి. భార్య స్పర్శ, సాన్నిహిత్యం లేనిదే అది తనంతట తాను ఏమీ చేయదు. మాత్రలతో ఫలితం లేకపోతే వాక్యూమ్ పంపు, అంగానికి ఇచ్చుకునే ఇంజెక్షన్, చివరికి అంగం లోపల అమర్చే ఇంప్లాంట్ ఉన్నాయి. ఇంజెక్షన్ తర్వాత స్తంభన నాలుగు గంటలు దాటితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సమస్య: వీర్యం రావడం లేదు.

ప్రొస్టేట్‌తో పాటు వీర్యకోశాలను కూడా తొలగిస్తారు కనుక ఇక రాదు. భావప్రాప్తి మాత్రం ఉంటుంది, చికిత్స అవసరం లేదు. పిల్లలు కావాలనుకునేవారు ఆపరేషన్‌కు ముందే వీర్యాన్ని భద్రపరచుకోవాలి.

సమస్య: ఆ సమయంలో మూత్రం కారుతోంది.

మూత్రాన్ని ఆపే కండరం బలహీనపడటమే కారణం. ముందుగా మూత్రవిసర్జన చేసి, పక్కన తువ్వాలు ఉంచుకోవాలి. గ్యాసు పోకుండా బిగబట్టినట్టు కటి కండరాన్ని ఐదు సెకన్లు బిగించి వదలడం, ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలా చేస్తే పట్టు వస్తుంది.

సమస్య: ఆయన హాల్లో దివాన్ మీద పడుకుంటున్నారు.

నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. పక్క తడుస్తుందేమో, ఆమె ఆశపడితే తాను తీర్చలేనేమో అని ఆయన భయం. తన మీద ఇష్టం పోయిందని ఆమె అనుమానం. మన హైదరాబాద్ ఓపీల్లో ఫైలు పట్టుకొని కొడుకు లోపలికి వస్తాడు, భార్య బయట బెంచీ మీద టిఫిన్ డబ్బాతో కూర్చుంటుంది. కొడుకు ఎదుట ఏ తండ్రి ఈ మాట ఎత్తగలడు? నిమ్స్‌లో చూపించుకున్నా, ప్రైవేటులో చూపించుకున్నా, ఆ పది నిమిషాలు కొడుకును బయట ఉంచి భార్యను లోపల కూర్చోబెట్టండి. ఆమెకు వయసు వల్ల వచ్చిన యోని పొడిబారడం గురించీ అప్పుడే అడగండి. దానికి జెల్లు ఉంటుంది. ఇంట్లో మాత్రం, సంభోగం ఊసు లేకుండానే, ఈ రాత్రి నుంచే మళ్లీ ఒకే మంచం మీద పడుకోండి.