సొంత డబ్బుతో కొన్న వ్యాపార సామగ్రిపై జీఎస్టీ క్రెడిట్ తీసుకోవడం ఎలా

సంస్థ ఖాతాలో సమయానికి డబ్బు లేకపోవడం వల్లనో, చేతిలో సొంత కార్డు మాత్రమే ఉండటం వల్లనో, యజమానులూ డైరెక్టర్లూ ఉద్యోగులూ వ్యాపారానికి కావలసిన వస్తువులను తమ డబ్బుతో కొనడం మామూలే. అలా కట్టిన జీఎస్టీని సంస్థ కట్టవలసిన జీఎస్టీలోంచి తగ్గించుకునే వీలు (దీన్నే క్రెడిట్ అంటారు) ఇక రాదనుకుని చాలామంది వదిలేసుకుంటారు. కేంద్ర జీఎస్టీ చట్టం, 2017లోని 16వ సెక్షన్ మాత్రం ఆ సరుకు వ్యాపారం కోసం వచ్చిందా, రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ పేరిట సరైన ఇన్‌వాయిస్ ఉందా అని చూస్తుంది తప్ప, డబ్బు ఎవరి జేబులోంచి వెళ్లిందని అడగదు. ప్రతిఫలాన్ని గ్రహీతే చెల్లించినా, మరొకరు చెల్లించినా ఒకటేనని 2వ సెక్షన్‌లోని నిర్వచనమే చెబుతోంది.

కాబట్టి జాగ్రత్త పడవలసింది డబ్బు కట్టేటప్పుడు కాదు, బిల్లు కొట్టించేటప్పుడు. ప్రింటు తీయకముందే సంస్థ పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు దుకాణదారుకు ఇచ్చి, వాటితోనే ఇన్‌వాయిస్ ఇమ్మని అడగాలి. నంబరులో మొత్తం 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్ర కోడ్ (తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37), తర్వాతి పది సంస్థ పాన్. ఈ రెండింటినీ అక్కడికక్కడే సరిచూసుకుంటే తర్వాత ఎన్నో ఉత్తరప్రత్యుత్తరాలు తప్పుతాయి. ఆన్‌లైన్‌లో కొనేవారు ఆర్డరు పెట్టకముందే తమ ఖాతాలో సంస్థ జీఎస్టీ నంబరును నమోదు చేసుకోవాలి.

బిల్లు ఇప్పటికే వ్యక్తి పేరిట వచ్చి ఉంటే, దాని మీద పెన్నుతో నంబరు రాసుకోవడం వల్ల ప్రయోజనం లేదు. అమ్మకందారు తన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో మీ నంబరు మీద చూపిస్తేనే ఆ ఇన్‌వాయిస్ మీ జీఎస్టీఆర్-2బీలో, అంటే మీకు రాగల క్రెడిట్లను చూపే పట్టికలో, కనిపిస్తుంది. అందులో లేని క్రెడిట్‌ను తీసుకోవడం కుదరదు. పాత బిల్లుకు క్రెడిట్ నోట్ (ఆ బిల్లు మొత్తాన్ని వెనక్కి తీసుకునే పత్రం) ఇచ్చి, సంస్థ పేరిట కొత్త ఇన్‌వాయిస్ ఇవ్వమని ఆయనను కోరడమే దారి. కొన్న నెలలోనే అడిగితే సాధారణంగా కాదనరు. నెలలు గడిచాక అడిగితే ఒప్పుకోవడం అరుదు.

తర్వాతి పని పద్దు రాయడం. ఒక కంపెనీ డైరెక్టరు తన క్రెడిట్ కార్డుతో ప్రింటరు కొన్నారనుకుందాం: ధర రూ.50,000, పన్ను 18 శాతం చొప్పున రూ.9,000, మొత్తం రూ.59,000. పుస్తకాల్లో ప్రింటరు కింద 50,000, ఇన్‌పుట్ సీజీఎస్టీ (పన్నులో కేంద్రం వాటా) కింద 4,500, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) కింద 4,500 ఖర్చు (డెబిట్) రాసి, 59,000 మొత్తాన్ని డైరెక్టరుకు కంపెనీ ఇవ్వవలసినదిగా జమ రాయాలి. ఆ తర్వాత అంతే మొత్తాన్ని బ్యాంకు ద్వారా ఆయనకు తిరిగి చెల్లించి, ఇన్‌వాయిస్, కార్డు స్టేట్‌మెంట్, క్లెయిమ్ ఫారం మూడింటినీ కలిపి భద్రపరచాలి. సొంత ప్రొప్రైటరీ వ్యాపారమైతే ఇంత తతంగం అక్కరలేదు. యజమాని, వ్యాపారం చట్టం దృష్టిలో ఒక్కరే గనుక, పెట్టిన డబ్బును మూలధనం కింద జమ చేస్తే సరిపోతుంది. ప్రింటరు వంటి ఆస్తుల విషయంలో పన్ను భాగాన్ని కూడా ధరలో కలిపి తరుగుదల లెక్కగడితే ఆ క్రెడిట్ పోతుందని మరువకూడదు.

అమ్మకందారుకు ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లోగా డబ్బు ముట్టకపోతే తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలన్న నిబంధన ఉంది. సొంత కార్డుతో కొన్నప్పుడు దుకాణదారుకు డబ్బు వెంటనే చేరిపోతుంది కాబట్టి, కంపెనీ డైరెక్టరుకు ఆలస్యంగా ఇచ్చినంత మాత్రాన ఈ చిక్కు రాదు.

బిల్లు సవ్యంగా ఉన్నా రాని క్రెడిట్లు కొన్ని ఉన్నాయి. 17(5) సెక్షన్ ప్రకారం భోజనాలు, క్లబ్బు సభ్యత్వాలు, డ్రైవరుతో కలిపి 13 మందికి మించని ప్రయాణికుల వాహనాలు, సొంత వాడకానికి కొన్నవి, బహుమతులుగా ఇచ్చినవి సాధారణంగా చెల్లవు. కొన్నింటికి మినహాయింపులు ఉన్నాయి. అమ్మకాల మీద నిర్ణీత శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారుల కాంపొజిషన్ పథకంలో ఉన్నవారికైతే అసలు క్రెడిటే లేదు. ఉద్యోగుల క్లెయిముల్లో తరచుగా దొర్లేది హోటల్ గది బిల్లు: హైదరాబాద్ సంస్థ ఉద్యోగి విజయవాడలో బస చేస్తే అక్కడ పడేది ఆంధ్రప్రదేశ్ పన్ను, దాన్ని తెలంగాణ రిజిస్ట్రేషన్‌లో వాడుకోవడానికి వీలుండదు. ఇంట్లోనూ ఆఫీసు పనికీ వాడే ఇంటర్నెట్ వంటి వాటిలో వ్యాపారానికి చెందిన భాగానికే క్రెడిట్ వస్తుంది. ఇలాంటి ఉమ్మడి క్రెడిట్‌లో 5 శాతాన్ని సొంత వాడకం కింద వదులుకోవాలని 42వ నియమం చెబుతోంది.

క్రెడిట్‌ను పన్ను లెక్క చూపి కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బీలోని 4వ పట్టికలో చూపాలి. ప్రతి నెలా 14న తయారయ్యే 2బీతో మీ సొంత డబ్బు బిల్లులను విడిగా సరిపోల్చుకోవడం మంచిది, ఎందుకంటే కనబడకుండా పోయేవి ఎక్కువగా ఇవే. గడువు, ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లేదా వార్షిక రిటర్ను వేసిన రోజు, ఏది ముందైతే అది. అంటే 2025-26 బిల్లులకు 2026 నవంబరు 30 దాటకూడదు. రిజిస్ట్రేషన్‌కు ముందే కొన్న వాటి లెక్క వేరు: పన్ను బాధ్యత ఏర్పడిన 30 రోజుల్లోగా రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసి ఉంటే, అప్పటికి నిల్వ ఉన్న సరుకు మీద, ఏడాది దాటని ఇన్‌వాయిస్‌లకు ఐటీసీ-01 ఫారం ద్వారా క్రెడిట్ అడగవచ్చు గాని, యంత్రాలూ కంప్యూటర్ల వంటి ఆస్తుల మీద అడగడానికి వీల్లేదు.