జర్మన్‌లో "నాకిష్టం" అనడానికి ఏ మాట ఎక్కడ వాడాలి

జర్మన్ మొదలుపెట్టిన కొత్తలో చాలామంది "ఇష్ మాగ్" (ఇష్ అంటే నేను, మాగ్ అంటే ఇష్టపడతాను) ఒక్కటే పట్టుకుని అన్నిటికీ దాంతోనే నెట్టుకొస్తారు, అర్థమైతే అవుతుంది గానీ అక్కడివాళ్ళ మాటల్లో ఎక్కువగా వినపడేది "గెర్న్" అనే చిన్న ముక్క. ముందు అదే నేర్చుకోండి. ఏ పని చేయడం ఇష్టమో ఆ క్రియ చెప్పి వెనకాల గెర్న్ తగిలించడమే: "ఇష్ కోఖె గెర్న్" అంటే వంట చేయడం ఇష్టం, "ఇష్ లేజె గెర్న్" అంటే చదవడం ఇష్టం. ఇష్టం లేకపోతే దాని ముందు నిష్ట్ వస్తుంది, "ఇష్ కోఖె నిష్ట్ గెర్న్".

రెండిట్లో ఒకటి ఎక్కువ ఇష్టమైతే గెర్న్ కాస్తా "లీబర్" అయిపోతుంది, "ఇష్ ట్రింకె లీబర్ టే ఆల్స్ కాఫే", అంటే కాఫీ కన్నా టీయే ఇష్టంగా తాగుతానని. అన్నిటికన్నా ఇష్టమైతే "ఆమ్ లీబ్‌స్టెన్". ఈ మూడూ వరసగా బట్టీ పట్టేయండి.

మాగ్ ఎక్కడంటే వస్తువులకీ మనుషులకీ, "ఇష్ మాగ్ కాట్సెన్", పిల్లులంటే ఇష్టం. ఫ్రెండ్‌తో "ఇష్ మాగ్ డిష్" అనొచ్చు, "ఇష్ లీబె డిష్" మాత్రం అనకండి, అది ప్రేమిస్తున్నానని చెప్పడమే.

ఇక మన తెలుగువాళ్ళకి చాలా తేలిగ్గా వచ్చేది "గెఫాలెన్". "నాకు ఈ ఇల్లు నచ్చింది" అంటాం కదా, నచ్చేది ఇల్లు, నాకు అనేది పక్కన ఉంటుంది, జర్మన్‌లోనూ అచ్చం అంతే: "డీ వోనుంగ్ గెఫెల్ట్ మియర్", మియర్ అంటే నాకు. నచ్చినవి ఎక్కువైతే క్రియ కూడా బహువచనంలోకి మారాలి, "డీ షూఎ గెఫాలెన్ మియర్". ఇంగ్లీష్ నుంచి ఆలోచిస్తే ఇక్కడే ఇరుక్కుంటారు, నేరుగా తెలుగులోంచి వెళ్ళండి. తిండి రుచి నచ్చితే గెఫెల్ట్ వద్దు, "ఎస్ ష్మెక్ట్ మియర్" అనాలి.

బేకరీలో ఏదైనా అడగాలంటే "ఇష్ మాగ్" వద్దు, అది ఇష్టం అని చెప్తున్నట్టు ఉంటుంది, "ఇష్ హెట్టె గెర్న్ ట్స్వై బ్రోట్ష్యెన్" అంటే మర్యాదగా రెండు బన్నులు ఇవ్వండి అన్నట్టు. "ఇష్ మోష్టె", అంటే నాకు కావాలి, అన్నా బానే ఉంటుంది.

ఎవర్నైనా ఎక్కడికైనా రమ్మనాలంటే "హాస్ట్ డు లుస్ట్ ఆఉఫ్ కీనో?", సినిమాకి వెళ్ళాలనుందా అని (ఆఉఫ్ తర్వాత మనిషిని పెట్టకండి, అర్థం వేరే దారికి పోతుంది). మిమ్మల్ని ఎవరైనా అలా అడిగితే, వెళ్ళాలనుంటే "యా, గెర్న్!", లేదంటే "హొయ్టె లీబర్ నిష్ట్", ఇవాళ వద్దులే అని, ఎవరూ ఏమీ అనుకోరు.